గుల్మార్గ్‌లో విరిగిన పర్చూరు కాలు

నేను మంచును ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. క్రిస్మస్ రోజుల్లో తెల్లారగట్ల మా పొగాకు చేల మీద పరుచుకునే పొగమంచు సంగతి కాదు నేను చెప్పేది. కొండల మీద మోకాలి లోతున పడి, గడ్డకట్టి, మనుషులు దాని మీదెక్కి ఆటలాడుకునే మంచు. దాన్ని నేను చూడలేదు. అయినా మా బీమా కంపెనీలో మంచు ఆటల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా చాలా ఏళ్లపాటు గుంటూరు బ్రాంచికే, అందులోనూ నాకే, ఫోను చేసేవారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. గర్వం కూడదని మా చర్చి సంఘంలో చిన్నప్పటి నుంచీ నేర్పారు. కానీ చేయించినవాడు దేవుడని ఒప్పుకుని చెప్పుకుంటే దాని పేరు కృతజ్ఞత అని మా నాన్నగారు అనేవారు. ఆ ధైర్యంతో చెబుతున్నాను.

ఈమధ్య బీమా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ప్రయాణ బీమా అంటే ఇప్పుడు ఫోనులో నాలుగు గడులు నొక్కడమే. అందులో ఒక గడి దగ్గర, మంచు ఆటలు ఆడతారా లేదా అని ఉంటుంది. "అది ఎవరూ చదవరండీ, ఊరికే నొక్కేస్తారు" అని వాళ్లే నవ్వుతూ చెబుతారు. ఆ గడి వెనక ఎలాంటి మనుషులుంటారో వాళ్లకి తెలియాలని ఇది రాస్తున్నాను.

అవి ఎనభైల నడిమి రోజులు. మా బ్రాంచి పని అంతా పత్తి గోడౌన్లు, మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు, ట్రాక్టర్లు, పాడి గేదెలు. వేసవి వచ్చిందంటే ఎక్కడ ఏ పత్తి బేళ్లు అంటుకున్నాయోనని ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాళ్లం. నేను క్లెయిముల సెక్షన్లో ఆఫీసర్ని. మా నాన్నగారు పర్చూరు దగ్గర పల్లెలో సంఘానికి ఉపదేశి. రాత్రి బడిలో మాలపల్లె పిల్లలకి అక్షరాలు, ఆదివారం లేఖనం చెప్పేవారు. నేను కూడా పాస్టరుగారు ఊళ్లో లేని ఆదివారాలు ప్రసంగం చెప్పేవాణ్ణి. అందుకని మా మేనేజరుగారు నన్ను పేరుతో పిలిచేవారు కాదు. "ఏమయ్యా పాస్టరూ" అనేవారు. ఆయన పౌరోహిత్యం చేసే కుటుంబంలోంచి వచ్చిన మనిషి. సంధ్య వార్చుకోనిదే కాఫీ ముట్టరు. నేను ప్రార్థన చేసుకోనిదే ఫైలు తెరవను. మాకిద్దరికీ బాగా కుదిరింది.

ఆ సంవత్సరం ఒక పురుగుమందుల కంపెనీ, రెండు జిల్లాల్లో తమ మందులు బాగా అమ్మిన డీలర్లని కాశ్మీరు తీసుకెళ్లాలనుకుంది. పత్తి రైతు తెల్లదోమతో కుదేలవుతున్న కాలంలో మందులు అమ్మినవాళ్లకి విహారయాత్ర ఏమిటని నాలో నేను అనుకున్నమాట నిజమే. కానీ బీమా మా దగ్గర చేయించుకుంటామని వచ్చారు. అందరికీ కలిపి ఒక ప్రమాద బీమా. మేనేజరుగారికి సంతోషమైంది.

"సంతకం పెట్టి పంపేయవయ్యా పాస్టరూ. రైలెక్కుతారు, దిగుతారు. మనకేం పోయింది?"

నాకొక అలవాటుంది. లేఖనాల్లో ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడని పేజీల కొద్దీ పేర్లుంటాయి. మా నాన్నగారు వాటిని కూడా ఒక్క పేరు దాటవేయకుండా పైకి చదివించేవారు. "రాయించిన దేవుడు పనిలేక రాయించలేదురా" అనేవారు. ఆ అలవాటుతో నేను పాలసీ వెనక పేజీలో సన్నక్షరాల మినహాయింపులు కూడా వరసగా చదివేవాణ్ణి. ఏ ప్రమాదాలకి డబ్బు రాదో ఆ జాబితా అది. పర్వతాలెక్కడం, పెద్ద జంతువుల వేట, బెలూన్లలో ఎగరడం, మంచు మీద ఆటలు, ఐస్ హాకీ.

"ఐస్ హాకీయా!" అని మేనేజరుగారు పగలబడి నవ్వారు. "మన గుంటూరులో ఐసంటే చెరుకురసంలో వేసేదే కదయ్యా. ఎవడో దొర రాసింది ఇన్నాళ్లూ అచ్చేస్తూ వచ్చారు."

"నిజమేనండి. కానీ వీళ్లు వెళ్తున్నది గుంటూరుకి కాదు కదా సార్" అని కంపెనీవాళ్లిచ్చిన యాత్ర కాగితం ఆయన ముందు పెట్టాను. అందులో గుల్మార్గ్ అనే చోట కాళ్లకి చెక్కలు కట్టుకుని కొండ మీంచి జారే ఆట, అదే స్కీయింగ్, నేర్పిస్తారని రాసి ఉంది.

ఆయన నవ్వు ఆగింది. "ఓరి నీ. మొత్తం వెళ్తున్నదే దానికన్నమాట."

హైదరాబాదు రీజనల్ ఆఫీసుకి ట్రంకు కాల్ చేశాం. వాళ్లకీ తెలియదు. వాళ్లు పైవాళ్లని కనుక్కుని చెప్పారు. అదనపు ప్రీమియం కడితే మంచు ఆటకి కూడా రక్షణ ఇవ్వొచ్చు. కానీ ఎవరు ఆడతారో, ఎవరు ఆడరో ఒక్కొక్కరూ ముందే సంతకం పెట్టి చెప్పాలి. అంటే ఆ డీలర్లందరికీ ఎవరో ఒకరు వెళ్లి విషయం వివరించాలి.

"ప్రసంగాలు చెప్పేవాడివి నువ్వుండగా ఇంకెవరెందుకు?" అన్నారు మేనేజరుగారు.

గుంటూరులో ఒక హోటల్లో భోజనాలు పెట్టి, భోజనాలకి ముందు నన్ను మాట్లాడమన్నారు. ఆకలి మీదున్న జనానికి ప్రసంగం చెప్పడం నాకు కొత్త కాదు. నేనిలా చెప్పాను:

"ఈ పాలసీ మీరు గుమ్మం దాటిన దగ్గర్నుంచీ మీ వెంట నడుస్తుందండీ. రైలు దిగుతూ పడినా, ఘాట్‌రోడ్డులో బస్సుకి దెబ్బ తగిలినా మీ పక్కనే ఉంటుంది. కానీ మీరు కాళ్లకి చెక్కలు కట్టుకున్నారనుకోండి, అది అక్కడే ఆగిపోతుంది. మీరు జారినంతసేపూ గట్టు మీద నిలబడి చూస్తుంటుంది. మీరు చెక్కలిప్పాక మళ్లీ వచ్చి కలుస్తుంది. ఇంకాస్త కడితే, అదీ మీతోపాటు జారుతుంది."

"దానికి కాళ్లు విరగవాండీ?" అన్నాడో కుర్ర డీలరు. అందరూ నవ్వారు. నవ్వారంటే అర్థమైనట్టే.

అప్పుడు ముందు వరసలోంచి పర్చూరు పెద్దాయన లేచాడు. ఆయన్ని ఎరగనివాళ్లు ఆ ప్రాంతంలో లేరు. తెల్లపంచె, భుజాన కండువా, అరమైలు దూరం నుంచే వినబడే కిర్రు చెప్పులు, వాటికంటే ముందు వినబడే గొంతు. మందుల కొట్టు పెట్టిన మొదటితరం మనిషి. మిగతా డీలర్లందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు.

"ఏందయ్యా ఇది? శుభమా అని బయల్దేరుతుంటే కాళ్లు విరగడాలు, చావడాలు! మీ చర్చిలో పెళ్లికొచ్చినోళ్లకి కూడా ఇట్టాగే చెప్తావా?"

"మా పెళ్లి ప్రమాణంలోనే చావు మాట ఉంటుందండీ. మరణం విడదీసేదాకా అని ఇద్దరిచేతా పైకి పలికిస్తాం" అన్నాను.

హాలు గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు గానీ పట్టు వదల్లేదు. "అయితే మీ పెళ్లి మీరు చేసుకోండి. నేను ఆ చెక్కల జోలికే పోను. ఆడనని రాసుకో."

ఆడనని రాసుకున్నాను. మిగతావాళ్లలో చాలామంది ఆడతామని సంతకాలు పెట్టారు.

వాళ్లు విజయవాడలో రైలెక్కిన కొన్నాళ్లకి కంపెనీవాళ్ల దగ్గర్నుంచి కబురొచ్చింది. కుర్రాళ్లంతా మంచు మీద జారారు, పడ్డారు, లేచారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆడనన్న పెద్దాయన కాలే విరిగింది. మోకాలి కింద ఎముక. శ్రీనగర్‌లో కట్టు కట్టి, రైల్లో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఆ కుదుపుల్లో ఎముక కదిలి వంకరగా అతుక్కుంది. మద్రాసు తీసుకెళ్లి మళ్లీ ఆపరేషన్ చేయిస్తే మామూలుగా నడుస్తాడు, లేకపోతే జీవితాంతం చేతికర్రేనని గుంటూరు డాక్టరు తేల్చి చెప్పాడు. మనిషి కలిగినవాడే. కానీ ఆయన అప్పుకిచ్చిన సరుకు డబ్బంతా ఆ ఏడు దెబ్బతిన్న పత్తి చేలల్లో చిక్కుకుంది. రైతుల గుమ్మాల ముందు నిలబడి అడగడానికి ఆయనకి మనసొప్పలేదు. అందుకే బీమా క్లెయిము పెట్టాడు.

రీజనల్ ఆఫీసు ఒక ఇన్వెస్టిగేటర్ని పంపింది. రిటైరైన పోలీసాయన. పర్చూరులో టీ కొట్ల దగ్గర, పొగాకు బేరాల దగ్గర కూర్చుని అడిగిన ప్రతివాడి దగ్గరా ఒకే మాట విన్నాడు: మా పెద్దాయన కాళ్లకి చెక్కలు కట్టుకుని కొండ మీంచి బాణంలా దిగాడు, దిగుతూ పడ్డాడు. దానికి తోడు కొట్టులో గోడకి ఫోటో. పెద్దాయన, ఆయన చేతిలో ఆ చెక్కలు, వెనక తెల్లటి కొండ. ఆడనని సంతకం పెట్టిన మనిషి ఆడాడు, కాబట్టి క్లెయిము చెల్లదని రిపోర్టు రాశాడు. అతని తప్పేం లేదు. విన్నది రాశాడు.

"ఇంకేముంది, మూసేద్దాం" అన్నారు మేనేజరుగారు. ఆయనకీ బాధగానే ఉంది.

"ఒక్కసారి నేను వెళ్లొస్తానండి" అన్నాను.

"ఎందుకయ్యా? ఊరంతా సాక్ష్యం చెబుతుంటే?"

"అందుకేనండి" అన్నాను.

ఇక్కడ మా సంఘం సంగతి కాస్త చెప్పాలి. ఆదివారం ఆరాధనలో దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పొచ్చు. దాన్నే సాక్ష్యం అంటాం. పసితనం నుంచీ నేను విన్న సాక్ష్యాలకి లెక్కలేదు. పాము పక్కనుంచి పోయిందని మొదట చెప్పిన మనిషి మరుసటి ఏటికి పాము మీద కాలు వేశానంటాడు. ఆ తర్వాతి ఏటికి పాము పడగ విప్పుతుంది. మనిషి చెడ్డవాడు కాదు. ప్రేమకొద్దీ పెంచుతాడు. మా నాన్నగారు వాళ్లని ఎప్పుడూ నొప్పించేవారు కాదు. ఇంటికొచ్చాక మాత్రం, "నిజంగా జరిగిందాంట్లో పనికిరాని చిన్న సంగతులు ఉంటాయిరా, అల్లినదాంట్లో గొప్ప సంగతులే ఉంటాయి" అనేవారు. నా ఉద్యోగానికి ఇంతకు మించిన శిక్షణ ఏ కాలేజీలోనూ దొరకలేదు.

అంతకుముందే యాత్ర నుంచి తిరిగొచ్చిన కుర్ర డీలర్లు ఏవో పనుల మీద మా ఆఫీసుకి వచ్చినప్పుడు, మంచు మీద ఆట ఎలా ఉందని అడిగాను. ఒక్కడు కూడా కొండ అందం చెప్పలేదు. అందరూ మొదలుపెట్టింది బూట్లతోనే. "అబ్బ, ఇనప బూట్లు సార్ అవి! మడమ కదలదు. పుండ్లు పడ్డాయి, చూడండి." మరి బాబాయ్ ఎలా పడ్డాడని అడిగితే మాత్రం, "ఆయన సంగతి ఆయన్నే అడగండి సార్" అని నేల చూశారు.

బస్సెక్కి పర్చూరు వెళ్లాను. కొట్టులో మందుల ఘాటు కళ్లు మండిస్తోంది. పెద్దాయన కుర్చీలో కూర్చుని, సిమెంటు కట్టు ఉన్న కాలు ఒక అట్టపెట్టె మీద పెట్టుకుని ఉన్నాడు. చుట్టూ రైతులు.

"రావయ్యా ఆఫీసరూ! నీ కంపెనీ డబ్బులియ్యనంటోందంటగా. కూర్చో. మంచి సమయానికొచ్చావు." అని అప్పుడే మొదలైన కథ కొనసాగించాడు. కొండ మన కోటప్పకొండంత ఉందన్నాడు. గాలి చెవుల్లో హోరుమందన్నాడు. కింద ఉన్న కాశ్మీరువాళ్లు చప్పట్లు కొట్టారన్నాడు.

"అబ్బో! భయమెయ్యలా బాబాయ్?" అన్నాడొక రైతు.

"భయమేందిరా, ఎడ్లబండి పందేలు తోలినోణ్ణి!"

నేను వింటూ కూర్చున్నాను. మధ్యలో ఇంకో రైతొచ్చాడు. అతని కోసం మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ఈసారి కొండ రెండు కోటప్పకొండలంత అయింది. కానీ రెండుసార్లూ బూట్ల మాట రాలేదు.

రైతులు వెళ్లాక, "అండీ, ఒక్క చిన్న మాట. మీకు బూట్లు సరిపోయాయా? మీది పెద్ద పాదం కదా" అన్నాను.

"బూట్లా! ఎవడెవడో తొడిగి విప్పిన బూట్లు నేనెందుకు తొడుగుతానయ్యా? అద్దెకిచ్చే బూట్లు! ఛీ! నా చెప్పులతోనే..."

ఆగిపోయాడు.

బూట్లు లేకుండా ఆ చెక్కలు కాలికి అంటవని ఇద్దరికీ తెలుసు. కొట్టు వెనక గదిలోంచి ఆయన భార్య మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చింది. మా మాటలన్నీ విన్నట్టుంది.

"చెప్పేయండి. ఆయనేమన్నా పరాయివాడా" అంది ఆయనతో. తర్వాత నావైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఈయన వానాకాలం మా పెరట్లో నాచు మీద కాలు పెట్టడానికి నా చెయ్యి పట్టుకునే మనిషి. కొండ మీంచి జారాడంటే నేను నమ్ముతానా?"

పెద్దాయన గొంతు మొదటిసారి తగ్గింది. "టీ తాగుదామని పోయానయ్యా. అందరూ బూట్లేసుకుని గడగడా పోతున్నారు. నేను చెప్పులతో పోయాను. దోవలో మంచు తొక్కి తొక్కి అద్దంలా అయింది. టీ కొట్టు ముందర పడ్డాను. ఆ చెక్కలా? అక్కడ ఫోటోలవాడు అందరికీ పట్టుకోమని ఇస్తాడు. ఫోటో తీసి లాక్కుంటాడు."

"ఈ మాట రాసిస్తే మీ క్లెయిము నిలబడుతుందండీ."

"నిలబడుద్ది. నేను నిలబడొద్దూ? నా కళ్లముందు పుట్టిన కుర్రాళ్లు కొండ దిగొచ్చారు. నేనేమో టీ కోసం పోతూ బోర్లాపడ్డానని చెప్పుకోవాలా ఈ సెంటర్లో?"

నేను ఆయనకి ప్రసంగం చెప్పలేదు. చెప్పడం వచ్చినవాడికి ఎప్పుడు చెప్పకూడదో తెలియాలి. "ఆలోచించుకోండి. మా పెద్ద ఆఫీసరుగారు గోడౌను పని మీద గుంటూరు వస్తున్నారు. ఆయన్ని ఇక్కడికి తీసుకొస్తాను. ఆయన ముందు మీకు తోచింది చెప్పండి. నేను మాత్రం నిజంగా జరిగిందానికే నిలబడతాను" అని లేచాను. ఆయన భార్య గుమ్మం దాకా వచ్చింది. "ఆయన నడవాలి అన్నయ్యగారూ" అంది. అంతే అంది.

ఆ పెద్ద ఆఫీసరు రావడానికి ఒప్పుకున్నారు. దేవుడి దయ అని నేననుకున్నాను. పర్చూరు మిరపకాయలు కొనుక్కోవచ్చని ఆయన ఒప్పుకున్నారని మేనేజరుగారన్నారు. రెండూ నిజం కావచ్చు. వచ్చిన రోజు నేను పొద్దున్నే మోకాళ్లూని ఒక్కటే అడిగాను: క్లెయిము రావాలని కాదు, ఎవరి నోటా అబద్ధం రాకూడదని.

హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడని తెలిసి కొట్టు నిండిపోయింది. రైతులు, వీధిలో కొట్లవాళ్లు, ఎరువుల బస్తాల మీద ఎక్కి కూర్చున్నవాళ్లు. ఆఫీసరుగారి వెంట మేనేజరుగారూ నేనూ వెళ్లాం. ఆఫీసరుగారు కుర్చీలో కూర్చుని నెమ్మదిగా అడిగారు. "చెప్పండి. ఎలా పడ్డారు?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మా ఎవరి వంకా చూడకుండా గోడ మీది మందుల క్యాలెండరు వంక చూస్తూ, "టీ తాగుదామని పోతూ దోవలో జారి పడ్డానండి" అన్నాడు.

నా గుండె తేలికపడబోయింది. ఇంతలో వెనకనుంచి ఒకడు, "అదేంది బాబాయ్! కొండ మీంచి గదా!" అన్నాడు.

"ఆయనంతే సార్. మనిషి వినయం. తగ్గించి చెప్పుకుంటాడు" అన్నాడు ఇంకొకడు.

"పంచె ఎగ్గట్టి జారాడు సార్, పులిలాగా!" అన్నాడు బస్తాల మీదివాడు.

ఆఫీసరుగారు నావైపు చూశారు. ఆ చూపులో, ఇందుకా నన్ను ఇంతదూరం తెచ్చావు అని ఉంది. ఆయన్ని పైకెత్తాలని, ప్రేమతో, ఆ ఊరు ఊరంతా ఆయన కాలు తీసేస్తోంది.

"ఒరేయ్, నువ్వు చూశావంట్రా?" అని పెద్దాయన అరిచాడు.

"చూడకపోతే ఏంది బాబాయ్? నువ్వు చెప్పావు గదా. నువ్వు అబద్ధం చెప్తావా?"

ఆ మాటకి పెద్దాయన నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద లేచాడు. నేను పట్టుకున్నాను. బరువైన మనిషి.

"చెప్పానురా. అబద్ధమే చెప్పాను. మీ అందరికీ చెప్పాను. కొండా ఎక్కలా, చెక్కా కట్టలా. టీ కొట్టు ముందర పడితే ఇద్దరు కాశ్మీరోళ్లు చంకల కింద చేతులేసి లేపారు. నొప్పికి ఏడ్చాను కూడా. ఇదిరా నిజం. ఇంక నన్ను పొగడమాకండి. నన్ను నడవనియ్యండి!"

గుమ్మం పక్కన కూర్చున్న ముసలి రైతొకడు, "కూర్చో అబ్బాయ్, కాలు నొప్పుట్టుద్ది" అన్నాడు. తర్వాత ఆఫీసరుగారితో, "మాకూ అనుమానంగానే ఉండిందయ్యా. కానీ పై ఊరి మనిషి వచ్చి అడిగితే, మా పెద్దోణ్ణి మేమే తక్కువ చేసి చెప్తామా?" అన్నాడు.

ఆఫీసరుగారు లేచి గోడ దగ్గరకి వెళ్లారు. ఫోటోలో పెద్దాయన ఆ చెక్కలని కాడిమాను పట్టుకున్నట్టు నిలువుగా పట్టుకుని ఉన్నాడు. పంచె కింద చెప్పులు. వాటి మీద మంచు. ఆయన చాలాసేపు చూసి, పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు. కానీ ఆయన పని తెలిసిన మనిషి. వెంటనే నన్నడిగారు. "సరే, ఆట ఆడలేదు. ఒప్పుకుంటాను. కానీ పడ్డది ఆట స్థలంలోనే కదా? ఆ మంచు మీదే కదా? మినహాయింపు తగలదంటారా?"

ఇది నేను ఎదురుచూసిన ప్రశ్నే.

"సార్, తిరునాళ్లలో ప్రభ మోసేవాడూ ఉంటాడు, పక్కన జీళ్లు కొనుక్కునేవాడూ ఉంటాడు. జీళ్లు కొనుక్కునేవాడు కాలుజారి పడితే, ప్రభ మోస్తూ పడ్డాడని రాస్తామా? పాలసీ మినహాయించింది మనిషి చేసే పనిని సార్. వాడు నిలబడ్డ నేలని కాదు. మంచు ఉన్న ఊళ్లో మనిషి నడవాలన్నా మంచు మీదే నడవాలి. నడక ఆట కాదు. నడకకి ఈయన పేరున ప్రీమియం కట్టారు."

వెనక నుంచి మా మేనేజరుగారు, "శభాష్ పాస్టరూ" అన్నారు, పెద్ద ఆఫీసరు ముందని మర్చిపోయి.

ఆఫీసరుగారు ఫోటో దగ్గర్నుంచి నావైపు తిరిగి, "ఊరంతా ఒకమాట, ఈయనొక్కడూ ఒకమాట. మీరు ఈయన్నే ఎందుకు నమ్మారు?" అన్నారు.

"ఊరివాళ్ల మాట ఈయన్ని పెద్ద చేసేది సార్. ఈయన చెప్పిన మాట ఈయన్నే చిన్న చేసింది. తనని చిన్న చేసుకునే సాక్ష్యం మా సంఘంలో మేము రెండోసారి పరీక్షించం."

"ఇదంతా రాసివ్వండి. ఆ జీళ్లతో సహా" అన్నారాయన.

రాసిచ్చాను. క్లెయిము మంజూరైంది. నేను రాసిన ఆ నోటు సారాంశం తర్వాత అన్ని బ్రాంచీలకీ సర్క్యులర్‌గా వచ్చింది. నా పేరు లేదు, జీళ్లు కూడా తీసేశారు. ఆట ఆడటం వేరు, ఆట స్థలంలో నడవడం వేరు అన్న మాట మాత్రం ఉంచారు. మేనేజరుగారు దాన్ని బ్రాంచి మధ్యలో నిలబడి, మంత్రం చదివినంత శ్రద్ధగా పైకి చదివారు. టైపిస్టు నుంచి అటెండరు దాకా అందరూ చప్పట్లు కొట్టారు. ప్రమోషన్లు వచ్చిన రోజుల్లో కూడా నాకంత నిండుగా అనిపించలేదు.

పిల్లలూ, మీరు అమ్మే ప్రతి పాలసీలోనూ రెండు పనులుంటాయి. అమ్మేముందు, ఏది రాదో ముఖం మీద చెప్పడం ఒకటి. విన్నవాళ్లు అపశకునం అంటారు. అననివ్వండి. క్లెయిము వచ్చాక, జరిగింది ఏమిటో ఓపికగా వినడం రెండోది. మొదటిది చేసినవాడికే రెండోది చేసే హక్కు ఉంటుంది. ఆ హోటల్లో పెద్దాయన ముఖం మీద "మంచు ఆటకి డబ్బు రాదు" అని చెప్పాను కాబట్టే, "నడకకి వస్తుంది" అని అంత గట్టిగా నిలబడగలిగాను.

పెద్దాయన్ని మద్రాసు తీసుకెళ్లారు. ఎముక మళ్లీ విరిచి, సరిచేసి, లోపల రాడ్డు వేశారు. చాలా నెలలు కబురు లేదు. సంఘంలో ప్రతి ఆదివారం ఆయన కోసం ప్రార్థన పెట్టించాను. పేరు చెప్పలేదు, పర్చూరులో ఒక అన్న అన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం కింద వీధిలో జీపు ఆగింది. మా బ్రాంచి మేడ మీద ఉండేది. నిటారుగా, ఇరుకుగా, చీకటిగా ఉండే మెట్లు. కిటికీలోంచి చూసిన మేనేజరుగారు, "పాస్టరూ, మీవాడు!" అంటూ గబగబా బయటికి నడిచారు. నేనూ వెనకాలే పరిగెత్తాను. ఆయన్ని మెట్లెక్కించకూడదు, మేమే దిగుదామని.

మెట్ల కింద నుంచి పాత గొంతు లేచింది. "దిగమాకండయ్యా! ఎవరూ దిగమాకండి! నేనొస్తున్నా."

మేము పైమెట్టు మీదే ఆగిపోయాం. లోపల టైపు మిషన్లు కూడా ఆగాయి. చీకట్లో మనిషి కనబడటం లేదు. ఆయన భార్య మాత్రం కిందే నిలబడి, చేతులు కట్టుకుని పైకి చూస్తోంది. ఆయన వెంట రావడానికి కదల్లేదు.

అడుగుల చప్పుడు మొదలైంది. నేను కళ్లు మూసుకుని విన్నాను. ఒక కాలు ఈడుస్తుందేమో, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా పడుతుందేమోనని విన్నాను.

రెండూ ఒకేలా పడుతున్నాయి.